అండమాన్ చరిత్ర యాత్ర, తెలుగు గైడుతో ఒక రోజు ప్యాకేజీ: సమీక్ష

పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని అధికారికంగా పేరు మార్చారు. ఆ నగరంలో పర్యాటకులకు అమ్మే ఒక రోజు ప్యాకేజీలు చాలావరకు సెల్యులార్ జైలును బీచికీ బోటు షికారుకీ మధ్య ఇరికించి తూతూమంత్రంగా ముగించేస్తాయి. ఈ సమీక్షకు తీసుకున్న ప్యాకేజీ ఆ రకం కాదు. ఉదయం సెల్యులార్ జైలు, అక్కడి నుంచి బోటులో రాస్, వైపర్ దీవులు, భోజనం తర్వాత చాతం కలప మిల్లు, తిరుగుదారిలో అబర్డీన్ యుద్ధ స్మారకం, చీకటి పడ్డాక మళ్లీ జైలు ఆవరణలోనే ధ్వని కాంతి ప్రదర్శన. రోజంతా చరిత్రకే కేటాయించి, దానిని తెలుగులో వివరించే గైడును వెంట ఇవ్వడం దీని ప్రత్యేకత. ఇలాంటి యాత్రలు పలువురు నడుపుతున్నారు కనుక, ఇక్కడ రాసిన మంచి చెడ్డలు యాత్ర రూపకల్పనకు సంబంధించినవి కనుక, సంస్థ పేరు రాయడం లేదు.

చరిత్ర యాత్ర విలువ కట్టడానికి వాహనంలో ఏసీ, భోజనంలో చేపల పులుసు కంటే ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. బ్రిటిష్‌వారు ఈ దీవులను ఎందుకు పట్టుకున్నారు, ఇక్కడికి ఎవరిని తెచ్చి పడేశారు, ఆ పాలనను ఎదిరించినవారు ఎవరెవరు అన్న ప్రశ్నలకు రోజు ముగిసేసరికి యాత్రికుడికి జవాబు దొరకాలి. మొదటి రెండింటికీ ఈ యాత్రలో నేను ఊహించినదానికంటే మంచి జవాబు దొరికింది. మూడోదానికి సగమే దొరికింది. ఆ దొరకని సగం చిన్నది కాదు కాబట్టి దాని గురించి కింద వివరంగా రాస్తున్నాను.

ముందు గైడు సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమందికి మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరతరాలుగా వలస వెళ్లిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి; విశాఖ నుంచి నేటికీ ప్రయాణికుల ఓడ ఉంది. మా గైడు అటువంటి కుటుంబంలో అక్కడే పుట్టి పెరిగిన యువకుడు. ఉత్తరాంధ్ర మాట తీరు, అక్కడక్కడా హిందీ, పెద్దవాళ్లను “మాస్టారూ”, “అమ్మా” అని పిలిచే మర్యాద, వీటితో రోజంతా విసుగు లేకుండా నడిపించాడు. అచ్చు వేసిన ప్రసంగాన్ని ఒప్పజెప్పకుండా, అడిగినదానికి ఆలోచించి జవాబు చెప్పడం అతని గుణం. ప్రశ్న అడగని బృందంతో వెళ్తే ఈ యాత్ర సగం విలువ కోల్పోతుందని కూడా ఇక్కడే చెప్పాలి.

జైలులో అతడు నేరుగా గదుల దగ్గరికి తీసుకెళ్లలేదు. ముందు మేడపైకి ఎక్కించి, ఎదురుగా కనిపించే రాస్ దీవినీ, ఓడరేవు ముఖద్వారాన్నీ చూపించి అక్కడ కథ మొదలుపెట్టాడు. ఇది మంచి ఎంపిక. జైలు కట్టింది 1896 నుంచి 1906 వరకు. ఆ దీవులలో బ్రిటిష్ చరిత్ర అంతకు శతాబ్దం ముందే ఆరంభమైంది. ఈస్టిండియా కంపెనీ 1786లో పినాంగ్‌ను చేజిక్కించుకున్న మూడేళ్లకు, 1789లో, ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాదళ అధికారి చాతం దీవిలో ఒక స్థావరం పెట్టాడు. తర్వాత దానిని ఉత్తర అండమాన్‌కు మార్చారు. జ్వరాలకు జనం రాలిపోవడంతో 1796లో మూసేశారు. ఆ తరువాత 1819లో సింగపూర్, 1826లో బర్మాలోని అరకాన్, తెనసెరిం, 1852లో అక్కడిదే పెగూ కంపెనీ చేతికి వచ్చాయి. కలకత్తా నుంచి ఈ కొత్త ఆస్తులకు వెళ్లే ఓడల దారిలో, తుఫానుకు చిక్కితే తలదాచుకోవడానికి ఒక రేవు లేకపోవడం, ఒడ్డుకు కొట్టుకువచ్చిన నావికులను ద్వీపవాసులు చంపుతున్నారన్న ఫిర్యాదులు, ఇవి రెండూ 1857కు ముందే అధికారుల ఉత్తరాలలో నడుస్తున్నాయి. తిరుగుబాటు వచ్చి జైళ్లు నిండిపోయాక ఆ ఆలోచనకు అవసరం తోడైంది. 1857 చివర డాక్టర్ మౌయట్ నాయకత్వంలో ఒక బృందం దీవులను పరిశీలించింది. 1858 మార్చి 10న ఆగ్రా జైలు అధికారిగా పనిచేసిన జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో ఓడ దిగాడు.

అంటే ఖైదీలను శిక్షించడానికి ఒక దీవిని వెతుక్కోవడంతో పాటు, ఒక దీవిని రేవుగా మార్చడానికి ఉచిత కూలీలను వెతుక్కోవడం కూడా అందులో ఉంది. గైడు ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పాడు: అడవి కొట్టింది, బురద పూడ్చింది, రోడ్డు వేసింది, చివరికి జైలు కట్టింది కూడా ఖైదీలే. మొదటి నెలల్లో అడవి దాటితే బర్మా వస్తుందన్న నమ్మకంతో వందలాదిమంది పారిపోయారు. పట్టుబడినవారిలో 80 మందికి పైగా మనుషులను వాకర్ ఒకే రోజు ఉరితీయించాడు. కలకత్తాలోని ప్రభుత్వమే దీనికి అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. సెల్యులార్ జైలుతోనే అండమాన్ కథ మొదలవుతుందనుకునే సందర్శకుడికి ఈ భాగం ఒక్కటే టికెట్టు ధరకు సరిపోతుంది.

జైలు నిర్మాణాన్ని వివరించడంలోనూ లోపం లేదు. మధ్య బురుజు నుంచి ఏడు విభాగాలు చక్రం ఆకుల మాదిరిగా విస్తరించి ఉండేవి, 693 గదులు, ఒక్కో గది దాదాపు పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు, చేతికి అందనంత ఎత్తులో ఒక గాలి కంత. ఒక విభాగం గదుల ముఖం ఎదుటి విభాగం వీపు వైపు ఉండేలా కట్టడంతో ఖైదీకి మరో ఖైదీ కనిపించడు. తలుపు గడియను గోడలోకి తొలిచిన గూటిలో, లోపలి చేయి ఎంత చాచినా చేరని దూరంలో అమర్చారు. గైడు మమ్మల్ని ఒక గదిలో నిలబెట్టి ప్రయత్నించి చూడమన్నాడు. పిల్లలకు ఇది ఆటలా అనిపించినా పెద్దవాళ్లు ఎవరూ నవ్వలేదు. 1941 భూకంపం, జపాన్ ఆక్రమణ, ఆ తర్వాత ఆసుపత్రి నిర్మాణం కలిసి నాలుగు విభాగాలను తీసేశాయి. మిగిలిన మూడింటినీ 1979 ఫిబ్రవరి 11న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ జాతీయ స్మారకంగా ప్రకటించారు.

గానుగ నమూనా దగ్గర ఆగి, రోజుకు 30 పౌన్ల కొబ్బరి నూనె తీయాలన్న నిబంధనను, అది తీయలేనివారికి జైలరు డేవిడ్ బారీ వేసిన శిక్షలను చెప్పినప్పుడు గైడు గొంతు పెంచలేదు. అంకెలే చాలునని అతనికి తెలుసు. అలీపూర్ బాంబు కేసులో వచ్చిన బారీంద్ర ఘోష్, ఉల్లాస్కర్ దత్, 1912లో ఉరి వేసుకున్న ఇందుభూషణ్ రాయ్, అలహాబాద్ స్వరాజ్య పత్రికకు సంపాదకత్వం వహించినందుకే శిక్ష పడినవారు, ఇలా పేర్లు వరుసగా వచ్చాయి. సావర్కర్ గది దగ్గర సహజంగానే జనం కిక్కిరిసి ఉన్నారు. 1911 నుంచి 1921 వరకు ఆయన అనుభవించిన నిర్బంధాన్నీ, అదే కాలంలో ఆయన ప్రభుత్వానికి పంపిన క్షమాభిక్ష అర్జీలనూ గైడు రెండు వాక్యాల్లో పక్కపక్కన పెట్టి, వాదనకు దిగబోయిన ఒకరికి “రెండూ రికార్డులో ఉన్నాయండి” అని చెప్పి ముందుకు నడిపించాడు. ఆ గుమ్మం ముందు ఇంతకంటే తెలివైన పద్ధతి నాకు తోచదు. అయితే 1933 నిరాహారదీక్షకు ఇచ్చిన సమయం తక్కువ. మే నెలలో మొదలైన ఆ దీక్షలో బలవంతంగా పాలు పోయించడం వల్ల మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర చనిపోయారు. 1937లో మరోసారి దీక్ష జరిగి, దేశమంతా ఆందోళన లేచాకే రాజకీయ ఖైదీలను వెనక్కి తేవడం మొదలై 1938 జనవరికి పూర్తయింది. జైలు లోపలి నుంచి గెలిచిన పోరాటం అది ఒక్కటే. దానిని నడుస్తూ నడుస్తూ చెప్పి ఊరుకోవడం నాకు నచ్చలేదు.

తెలుగు బృందం అని తెలిసి కూడా మన ప్రాంతం వారి ప్రస్తావన తనంతట తాను తేకపోవడం ఆశ్చర్యం. 1857 జులై 17న హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన ఇద్దరిలో మౌల్వీ అల్లాఉద్దీన్‌ను 1859లో ద్వీపాంతరవాస శిక్షపై అండమాన్‌కు పంపారు. ఆయన మళ్లీ హైదరాబాదు చూడలేదు. రెండో నాయకుడు తుర్రెబాజ్ ఖాన్‌కూ అదే శిక్ష పడింది గాని, ఓడ ఎక్కించే లోపే కాపలా నుంచి తప్పించుకుని 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర ప్రాణం విడిచాడు. కోఠీలోని రెసిడెన్సీ భవనం ముందు నుంచి రోజూ బస్సులో వెళ్లేవారికి పోర్ట్ బ్లెయిర్‌తో ఉన్న ఈ సంబంధం చెబితే ఎంత బాగుండేదో ఆలోచించండి. మన్యం సంగతి మాత్రం మాలో ఒకరు అడిగాక వచ్చింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మొదలైన అల్లూరి సీతారామరాజు పోరాటంలో ముందు వరుసలో నిలిచిన గాం మల్లుదొర 1923లో పట్టుబడి ఈ జైలుకు వచ్చాడని, బయటికొచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడని గైడు చెప్పాడు. అడవిలో కలప కొట్టనీయని చట్టాలూ, రోడ్డు పనికి కూలి ఇవ్వని తహసీల్దారూ కలిసి మన్యం మనిషిని తిరుగుబాటుకు నెట్టాయి. అదే సామ్రాజ్యం ఆ మనిషిని ఇక్కడికి తెచ్చి మళ్లీ అడవి పక్కనే గోడల మధ్య పెట్టింది. తెలిసిన విషయాన్ని అడిగితేనే చెప్పడం కంటే, తెలుగు యాత్ర అని బోర్డు పెట్టుకున్న సంస్థ దానిని కార్యక్రమంలోనే రాసుకోవాలి.

రాస్ దీవి పేరు 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంగా మారింది. చీఫ్ కమిషనరు బంగళా, చర్చి, నాట్యశాల, రొట్టెల బట్టీ, ఇవన్నీ మర్రి జాతి చెట్ల వేళ్ల మధ్య ఇరుక్కుని నిలబడి ఉన్నాయి. జింకలూ నెమళ్లూ తిరిగే ఈ శిథిలాల దగ్గర ఫొటోల కోసం గంట సమయం ఇచ్చారు. అర గంట చాలు. జపాన్ కాలం గురించి గైడు ఇక్కడ చెప్పినది మాత్రం వినదగినది. 1942 మార్చిలో వచ్చిన జపాన్ సైన్యాన్ని విమోచకులుగా చూసినవారే ఏడాది తిరక్కుండా గూఢచారుల ముద్రతో చిత్రహింసల పాలయ్యారు. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసిన నెలకే, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్‌లో 44 మంది పౌరులను జపాన్ సైనికులు కాల్చి గుంటలో పూడ్చారు. ఒక సామ్రాజ్యం పోయి ఇంకొకటి వచ్చినంత మాత్రాన పాలితుల స్థితి మారదన్న మాట అక్కడ ఎవరూ విడిగా చెప్పనవసరం లేకుండా అర్థమైంది.

వైపర్ దీవిలో దిగనిస్తారా లేదా అన్నది ఆ రోజు అనుమతిని బట్టి ఉంటుందని ముందే తెలుసుకోండి. సెల్యులార్ జైలు రాకముందు గొలుసు ఖైదీలను ఉంచింది ఇక్కడే. గుట్ట మీద ఎర్ర ఇటుక ఉరికొయ్య భవనం మిగిలి ఉంది. 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం, ఎదుటి ఒడ్డున ఉన్న హోప్‌టౌన్ రేవులో వైస్రాయ్ లార్డ్ మేయోను కత్తితో పొడిచి చంపిన షేర్ అలీ అఫ్రీదీని మార్చి 11న ఉరితీసింది ఈ దీవిలోనే. పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయ్ ఆయన ఒక్కడే. షేర్ అలీ ఒకప్పుడు పెషావరులో బ్రిటిష్‌వారి దగ్గరే కొలువు చేసినవాడు. కుటుంబ పగలో హత్య చేశాడన్న నేరంపై అండమాన్ చేరాడు. అతనిని స్వాతంత్ర్య వీరుడనాలా, వ్యక్తిగత కక్ష తీర్చుకున్నవాడనాలా అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. గైడు మాత్రం మొదటి మాటే చెప్పి సరిపెట్టాడు. సావర్కర్ గది దగ్గర చూపిన నిగ్రహం ఇక్కడ కూడా చూపి ఉంటే బాగుండేది.

మేయో ఆ సాయంత్రం సూర్యాస్తమయం చూసి దిగివచ్చిన కొండ ఈ యాత్రలో లేదు. మౌంట్ హారియెట్ అని పిలిచిన ఆ కొండకు 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. 1891 ఆంగ్లో మణిపురి యుద్ధంలో ఓడిన రాజు కులచంద్ర ధ్వజ సింగ్‌నూ, ఆయనతో పాటు మరి కొందరినీ ఆ చుట్టుపక్కల ప్రవాసంలో ఉంచిన కారణంగా ఆ పేరు. ఈ విషయం కూడా, దక్షిణ అండమాన్‌లో కాలికట్, మంజేరి, తిరూర్ అన్న ఊళ్లు 1921 మలబారు తిరుగుబాటు తర్వాత తెచ్చిన మాప్పిళ్ల (కేరళ ముస్లిం) ఖైదీల జ్ఞాపకాలన్న విషయం కూడా, బోటులో తీరిగ్గా కూర్చున్నప్పుడు చెప్పదగినవి. ఆ సమయాన్ని బోటువాళ్లు సినిమా పాటలకు ఇచ్చేశారు. పాటలు తగ్గించమని మేము అడిగితే తగ్గించారు. కాబట్టి మీరూ అడగండి.

భోజనం బాగుంది. అన్నం, పప్పు, చేపల పులుసు, కొబ్బరి పచ్చడి. శాకాహారులకు విడిగా వండారు. చాతం మిల్లు 1883లో పెట్టినది. పడౌక్ కలప దుంగలు, రెండో ప్రపంచయుద్ధంలో పడిన బాంబు గుంత చూపిస్తారు. ఖైదీ కూలీతో కొట్టిన అడవి ఎటు వెళ్లిందో తెలియడానికి ఇది పనికొచ్చే మజిలీయే గాని, భోజనం తర్వాత ఎండలో అందరికీ ఓపిక ఉండదు.

ఇక అబర్డీన్. రాస్‌కు బోటు ఎక్కే రేవుకు దగ్గరలో, జల క్రీడల ప్రాంగణంలో ఉన్న ఈ స్మారకం దగ్గర మా వాహనం ఆగింది, ఇంజను ఆపలేదు. “ఇది ఆదివాసుల యుద్ధ స్మారకం, ఫొటో తీసుకునేవాళ్లు తీసుకోండి” అని గైడు అన్నాడు. మాతో వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు దిగి, చుట్టూ చూసి, “ఇంతకీ ఈ దీవుల వాళ్లు ఏమయ్యారు బాబూ?” అని అడిగారు. “వాళ్ల కథ వేరండి మాస్టారూ, మన ప్యాకేజీలో లేదు” అన్నది జవాబు. గైడు మర్యాదగానే అన్నాడు, తప్పు అతనిది కాదు కూడా. అతని చేతిలో ఉన్న కార్యక్రమ పత్రంలో ఈ మజిలీకి కేటాయించింది పది నిమిషాలు. కానీ పొద్దుటి నుంచి పరాయి పాలనను ఎదిరించినవారి కథే వింటున్న బృందానికి, ఆ నేల మీద అందరికంటే ముందు ఎదిరించినవారిని వేరే కథ అనడం ఈ యాత్రలో అతి పెద్ద లోపం.

జరిగినది ఇది. వాకర్ ఖైదీలు అడవి నరుకుతూ లోపలికి చొచ్చుకువచ్చిన కొద్దీ అక్కడి ఆదివాసులైన గ్రేట్ అండమానీల వేట నేల, తేనె చెట్లు, తీరం చేజారిపోయాయి. 1859 ఏప్రిల్‌లో వాళ్లు పని జట్ల మీద రెండుసార్లు దాడి చేశారు. ఆ దాడులను గురించి బ్రిటిష్ అధికారులే రాసుకున్న ఒక వివరం నన్ను ఎప్పుడూ నిలవేస్తుంది: కాలికి ఇనుప కడియం ఉన్న మామూలు ఖైదీలను, అడ్డు రాకపోతే, వాళ్లు ఏమీ చేయలేదట, ఎర్ర తలపాగా, రంగు పట్టీ కట్టుకుని ఆ ఖైదీల చేత పని చేయించే జట్టు మేస్త్రీలను మాత్రం వెదికి మరీ చంపబోయారట. భాష తెలియకపోయినా, ఏడాది తిరగకుండానే, అక్కడ ఎవరు ఎవరి మీద పెత్తనం చేస్తున్నారో ద్వీపవాసులు కనిపెట్టేశారు. ఆ సంగతి గమనించిన ఖైదీలకు కూడా కడియం ఆ రోజు రక్షణగా తోచి ఉంటుంది.

మే నెలలో వాళ్లు పెద్ద సంఖ్యలో అబర్డీన్ మీదికి వచ్చారు. ఆ కబురు ముందే చేరవేసింది దూధ్‌నాథ్ తివారీ. 1857 తిరుగుబాటు సిపాయి, ద్వీపాంతరవాస ఖైదీ, 1858 ఏప్రిల్‌లో రాస్ దీవి నుంచి పారిపోయి అండమానీల చేతికి చిక్కినవాడు. తోటివారు బాణాలకు బలైనా ఇతనిని వాళ్లు చంపలేదు. ఏడాదికి పైగా తమతో తిప్పుకున్నారు, తమ పిల్లనిచ్చి పెళ్లి చేశారు. దాడికి బయలుదేరిన జట్టులోంచి అతడు తప్పించుకుని వచ్చి వాకర్‌కు చెప్పేశాడు. విల్లంబులతో వచ్చినవారిని ఓడ ఫిరంగులూ తుపాకులూ ఎదుర్కొన్నాయి. తివారీకి క్షమాభిక్ష దొరికి స్వదేశం వెళ్లిపోయాడు. కంపెనీ మీద తిరగబడిన మనిషే, తనను బతకనిచ్చినవారి తిరుగుబాటును కంపెనీ స్థానంలోకి వచ్చిన ప్రభుత్వానికి అప్పగించడం ఈ దీవుల చరిత్రలో అందరినీ ఇబ్బంది పెట్టే ముడి. వీరుల జాబితా చదివే యాత్రలలో దీనికి చోటు దొరకకపోవడానికి కారణం బహుశా అదే. నన్నడిగితే, చోటు ఇవ్వవలసిన కారణం కూడా అదే.

ఆ తర్వాతి కథకు తుపాకులు అక్కరలేకపోయింది. 1863లో మతాధికారి కార్బిన్ పర్యవేక్షణలో రాస్ దీవిలో అండమాన్ హోమ్ తెరిచి, ద్వీపవాసులను అక్కడికి చేర్చి, బట్ట కట్టడం, పొగాకు తాగడం, పారిపోయిన ఖైదీలను పట్టివ్వడం నేర్పారు. సుఖరోగాలు, 1877లో తట్టు, మత్తు అలవాట్లు తెగలకు తెగలను ఊడ్చేశాయి. 1858 నాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1901 జనాభా లెక్కల్లో 625 మంది. 1961 నాటికి 19 మంది. వాళ్ల భాషల్లో ఒకటైన బో మాట్లాడగలిగిన ఆఖరి మనిషి, పెద్ద బోవా, 2010 జనవరిలో పోర్ట్ బ్లెయిర్‌లో కన్నుమూసింది. మేము పొద్దున బొమ్మల్లా నిలబడి ఫొటోలు దిగిన రాస్ శిథిలాల దగ్గరే ఆ హోమ్ నడిచిందని అక్కడ ఉండగా ఎవరూ చెప్పలేదు. రాస్‌లో వృథా అయిన అర గంటను దీనికి ఇస్తే సరిపోయేది. అదనంగా ఖర్చయ్యేది ఏమీ లేదు.

ఒక్క విషయంలో సంస్థను మెచ్చుకోవాలి. బారాటాంగ్ దారిలో జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా పోయే వాహనాల వరుసను “ఆదివాసులను చూడవచ్చు” అన్న ఆశతో అమ్మేవారు ఉండగా, వీరు తమ చరిత్ర యాత్రలో దానిని చేర్చలేదు. బృందంలో ఒకరు అడిగితే, అలా చూడడం, ఫొటో తీయడం చట్టరీత్యా నేరమని గైడు నిర్మొహమాటంగా చెప్పాడు.

సాయంత్రపు ధ్వని కాంతి ప్రదర్శనలో జైలు ఆవరణలోని రావిచెట్టు కథ చెబుతుంది. హిందీ ప్రదర్శనలో ఆ గొంతు ఓం పురిది. గొంతు గంభీరం, చీకట్లో ఆ గోడల నిడివి గంభీరం. తెలుగు లేదు కాబట్టి హిందీ రాని పెద్దవాళ్లకు గైడు ముందుగానే సారాంశం చెప్పి కూర్చోబెట్టాడు, ఇది మంచి ఏర్పాటు. పొద్దున జైలును శ్రద్ధగా చూసినవారికి మాత్రం ప్రదర్శన కొత్తగా చెప్పేది తక్కువ. చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలు దీనిని వదులుకుని త్వరగా బసకు చేరినా పోయేదేమీ లేదు.

ధర మామూలు షికారు ప్యాకేజీల కంటే సుమారు మూడో వంతు ఎక్కువ. ప్రవేశ రుసుములు, బోట్లు, భోజనం అందులోనే. మోకాళ్ల నొప్పులున్నవారికి జైలు మేడ మెట్లు, వైపర్ గుట్ట కష్టం. జైలుకు ఏ రోజుల్లో సెలవో తేదీ ఖాయం చేసుకునే ముందు అడగాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం అల్లకల్లోలంగా ఉంటే బోట్లు రద్దవుతాయి, అప్పుడు డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. పన్నెండేళ్లు దాటిన పిల్లలున్న కుటుంబాలకు, చరిత్ర చదివేవారికి ఈ యాత్రను సిఫారసు చేస్తాను, అయిదుకు మూడున్నర మార్కులు వేస్తాను. బుక్ చేసేటప్పుడే చాతం మిల్లు బదులు అబర్డీన్ దగ్గర అర గంట కావాలని, రాస్‌లో అండమాన్ హోమ్ గురించి చెప్పాలని అడగండి. ముందుగా చెబితే కార్యక్రమం మార్చగలమని దిగేటప్పుడు గైడే మాతో అన్నాడు. అల్లాఉద్దీన్ పేరును కూడా ఉపాధ్యాయుడి చేత తన పుస్తకంలో రాయించుకున్నాడు.